బయానా ఎటు పోతోంది? శిల్పాల షెడ్డు లెక్కల గురించి

తమ్ముడూ,

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పొదిలి దగ్గర నాన్నగారి కాలం నుంచి ఉన్న షెడ్డు, నలుగురు పనివాళ్లు, చేతిలో పదకొండు విగ్రహాలు. ఏడాది పొడుగునా పని ఉంది, కానీ శనివారం కూలి ఇవ్వడానికి చేబదులు తేవాల్సి వస్తోంది. బ్యాంకువాళ్లు లెక్కలు అడిగితే చూపించడానికి కాగితం లేదు. ఏ పుస్తకాలు రాయాలి, రేటు ఎలా చెప్పాలి, జీఎస్టీ ఉందా లేదా, అసలు నాకు లాభం వస్తోందా అని అడిగారు.

ముందే చెబుతున్నాను, నేను శిల్పిని కాను. మా వారు శిల్పి. ఒంగోలులో కర్నూలు రోడ్డు వైపు మా షెడ్డు. చీమకుర్తి నుంచి వచ్చే గెలాక్సీ గ్రానైటు దిమ్మెల లారీలు మా గేటు ముందు నుంచే పోతాయి. మా నాన్న పొగాకు కంపెనీలో గుమాస్తాగా చేసేవాడు కాబట్టి చిట్టా, ఆవర్జా అనే మాటలు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పెళ్లయిన మూడో నెలలో మా వారు బిల్లులన్నీ వేసిన ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. ఇరవై ఆరేళ్లయింది, ఇంకా ఆ డబ్బా పనే చేస్తున్నాను.

మీకు లాభమో నష్టమో నేను చెప్పలేను. డబ్బు ఎటు పోతోందో మాత్రం మీ ప్రశ్నలోనే కనపడుతోంది. కొత్తగా వచ్చిన బయానాతో, అంటే ఆర్డరుతోపాటు ముందుగా ఇచ్చే డబ్బుతో, పాత విగ్రహం పూర్తి చేస్తున్నారు. పదకొండు విగ్రహాలు చేతిలో ఉన్నాయంటే పదకొండు బయానాలు వచ్చాయన్నమాట. అవి ఆదాయం అనుకున్నారు. బయానా ఆదాయం కాదు తమ్ముడూ, అది అప్పు. విగ్రహం పీఠం ఎక్కేదాకా మీరు ఆ ఊరికి బాకీ. మేమూ ఇలాగే చేశాం. ఒకసారి ఏడు విగ్రహాలు సగంలో ఉన్నాయి, ఏడింటి బయానాలూ అయిపోయాయి, ఫైబర్ విగ్రహాలు పోసే రెసిన్ జిగురు కొనడానికి డబ్బు లేదు. నా గాజులు తాకట్టు పెట్టి రెండు డ్రమ్ములు తెచ్చాం. ఆ వారంలోనే నేను విగ్రహానికో పుస్తకం పెట్టాను.

పద్ధతి చాలా మామూలుది. చిట్టా ఒకటి ఉంటుంది. ఆ రోజు ఏ వరుసలో డబ్బు వచ్చిందో, పోయిందో, ఆ వరుసలోనే రాసేస్తాం. టీ ఖర్చు పది రూపాయలైనా అందులో పడాలి. రెండోది ఆవర్జా. కిరాణా కొట్లో మనిషికో ఖాతా ఉంటుంది కదా, మన దగ్గర విగ్రహానికో ఖాతా. ప్రతి విగ్రహానికి ఒక నంబరు వేయండి. ఈ ఏడాది ఏడో ఆర్డరయితే 26/7. ఆ నంబరు పుస్తకం అట్ట మీద, అచ్చు మీద, ఇనుప చట్రానికి కట్టిన రేకు ముక్క మీద, రెసిన్ బిల్లు వెనక, ఫోన్లో ఫొటోల ఫోల్డరు మీద, అన్నిచోట్లా అదే ఉండాలి. "కనిగిరి వాళ్ల అంబేడ్కర్" అని పిలుచుకుంటే ఒక ఏడాది బాగానే ఉంటుంది. కనిగిరి వైపు నుంచి మూడో అంబేడ్కర్ వచ్చిన రోజున గందరగోళం మొదలవుతుంది.

శనివారం సాయంత్రం చిట్టాలోని ఖర్చుల్ని ఆయా విగ్రహాల పేజీల్లోకి ఎక్కించండి. ఏ పేజీలో జమ కంటే ఖర్చు ఎక్కువైందో అక్కడ ఎర్ర పెన్నుతో గీత గీయండి. ఆ విగ్రహం వేరే ఊరి డబ్బు తింటోందని అర్థం. ఆ పని అక్కడ ఆపి, ముందు వాయిదా డబ్బు అడగాలి. అడగడానికి మొహమాటంగా ఉంటుంది, నిజమే. కానీ ఎర్ర గీత చూసి అడిగినప్పుడు మాటకి బలం ఉంటుంది.

ఇక ఆ పుస్తకం మొదటి పేజీ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే తగాదాలన్నీ అక్కడ రాయని వాటి గురించే వస్తాయి.

ఎవరు ఆర్డరిచ్చారు? "కమిటీ" అని రాయకండి. కమిటీ అంటే ఎవరూ కాదు. సర్పంచి మారతాడు, కమిటీ రెండు ముక్కలవుతుంది, మీరు ఎవరి ఇంటికి వెళ్లాలో తెలియదు. ఇద్దరి పేర్లు, తండ్రి పేర్లు, ఫోన్లు, సంతకాలు తీసుకోండి.

ఎత్తు ఎంత? ఆరడుగుల విగ్రహం అంటారు. పాదం నుంచి తలదాకా ఆరడుగులా, కింద రెండంగుళాల దిమ్మె కలిపా? చెయ్యి పైకెత్తి వేలు చూపించే విగ్రహమైతే వేలిదాకానా? దేవుడి విగ్రహమైతే కిరీటం కలిపా, పద్మపీఠం కలిపా? శిల్పశాస్త్రం ప్రకారం ఉత్తమ దశతాళానికి (పెద్ద దేవుళ్ల విగ్రహాల కొలతకి) 124 అంగుళాలని మా వారు లెక్క కడతారు, ఆ అంగుళం విగ్రహాన్ని బట్టి మారే అంగుళం. కమిటీవాళ్లు తెచ్చేది ఇనుప టేపు. కాబట్టి ఒక గీతబొమ్మ గీసి, ఎక్కడి నుంచి ఎక్కడికో బాణం గుర్తులు పెట్టి, దాని మీద సంతకం చేయించండి.

దేనితో చేస్తున్నారు? ఇది నవ్వులాటగా అనిపిస్తుంది గానీ, మన జిల్లాల్లో "కంచు విగ్రహం" అంటే సగంమంది మనసులో ఉండేది ఫైబర్ మీద కంచు రంగు. మిగతా సగంమంది నిజంగా కంచే అనుకుంటారు. ఒక ఊరివాళ్లు ఆవిష్కరణ రోజున విగ్రహాన్ని వేలితో కొట్టి చూసి, డొల్ల చప్పుడు వస్తోందని మా వారిని నిలదీశారు. బిల్లు మీద నేను "కంచు కలర్" అని రాశాను, ఫైబర్ అన్న మాట రాయలేదు. తప్పు నాదే. అప్పటినుంచి "ఫైబర్ గ్లాసు, పైన కంచు రంగు, లోపల ఇనుప చట్రం" అని పూర్తిగా రాస్తున్నాను.

మనిషి విగ్రహమయితే ఏ ఫొటో చూసి చేస్తున్నారో ఆ ఫొటో కాపీ పుస్తకంలో అంటించండి. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి అయినా ఉండాలి. ఊళ్లో పెద్దాయన చనిపోతే ఇంట్లో దొరికేది ఒక్క పాస్‌పోర్టు ఫొటో, అదీ ముప్పై ఏళ్ల కిందటిది. పక్క ఫొటో లేకపోతే ముక్కు, దవడ ఊహించి చేయాల్సిందే. "పక్క ఫొటో ఇవ్వలేదు, శిల్పి ఊహ ప్రకారం" అని రాసి వాళ్ల చేతే సంతకం పెట్టించండి.

ఇప్పుడు అసలు చోటుకి వచ్చాం. మట్టి నమూనా ఆమోదం. శిల్పాల షెడ్డులో నష్టం వచ్చేది మట్టి ధర పెరిగో, రెసిన్ ధర పెరిగో కాదు. ముఖం మార్చమన్నప్పుడు వస్తుంది. మట్టి మీద ముక్కు మార్చడానికి ఒక పూట చాలు. అచ్చు తీశాక అదే ముక్కుకి పది రోజులు. ఫైబర్ పోసి రంగు వేశాక అయితే తల కోసి కొత్త తల పెట్టడమే.

మాకు జరిగింది చెబుతాను. ఒక రైతు నాయకుడి విగ్రహం. కొడుకులిద్దరూ వచ్చి మట్టి నమూనా చూసి, కళ్ల నీళ్లు పెట్టుకుని, "మా నాన్నే" అని కాళ్లకి దణ్ణం పెట్టి వెళ్లారు. మేమూ కరిగిపోయాం, సంతకం అడగడానికి నోరు రాలేదు. అచ్చు తీశాం, పోశాం, రంగు వేశాం. లారీ ఎక్కించే ముందు రోజు హైదరాబాద్ నుంచి కూతురు వచ్చింది. "మా నాన్న ఇట్లా ఉండడు, ఆయన కొంచెం తల వంచి చూస్తాడు" అంది. ఆవిడ చెప్పింది నిజమే, తర్వాత పెళ్లి వీడియో చూస్తే తెలిసింది. కానీ ఆ తల మళ్లీ చేసినందుకు పద్దెనిమిది రోజుల కూలి, అరడ్రమ్ము రెసిన్ మా మీద పడ్డాయి.

అందుకని ఇప్పుడు ఒక కాగితం పెట్టాను. మట్టి నమూనా పూర్తయ్యాక ఎదురు, కుడి, ఎడమ, వెనక, నాలుగు ఫొటోలు ప్రింటు తీస్తాను. అభిప్రాయం చెప్పే హక్కున్న వాళ్లందరూ ఒకే రోజు రావాలి. చూసి, మార్పులు చెప్పి, చేశాక ఆ ఫొటోల వెనక సంతకం చేయాలి. రెండు విడతల మార్పులు ఉచితం. మూడో విడత నుంచి రోజు కూలి లెక్క. అచ్చు తీశాక మార్పు అంటే కొత్త ధర. ఈ కాగితం వచ్చాక మార్పులు తగ్గాయి, జనం జాగ్రత్తగా చూస్తున్నారు. దూరాన ఉన్నవాళ్లు వీడియో కాల్లో చూస్తే ఆ ఫోన్ పట్టుకున్న మనిషి చేత సంతకం చేయించండి. వాట్సాప్‌లో "ఓకే అన్నా" అన్న మెసేజ్ కూడా ప్రింటు తీసి అంటిస్తాను.

డబ్బు వాయిదాలు కూడా ఈ కాగితం చుట్టూనే తిరగాలి. మా పద్ధతి: బయానా 40 శాతం, మట్టి ఆమోదం రోజున 30, లారీ ఎక్కే ముందు 25, పీఠం మీద నిలబెట్టాక 5. రాతి విగ్రహమైతే రాయి ఖరీదు, రాయి తెచ్చే లారీ కిరాయి మొత్తం ముందే. గుడి విగ్రహాలకు ఒక సౌకర్యం ఉంది. ప్రతిష్ఠ రోజున నేత్రోన్మీలనానికి శిల్పి వెళ్లాలి, ఆయన చేత కళ్లు తెరిపించాలి. పాతకాలం శిల్పులు బాకీ అప్పుడు వసూలు చేసుకునేవాళ్లట. నాకది నచ్చదు. వేదమంత్రాల మధ్య డబ్బు మాట ఎత్తితే ఆ ఊళ్లో మళ్లీ పని రాదు. వారం ముందే తేల్చేసుకోండి.

రేటు ఎలా చెప్పాలని అడిగారు. అడుగుకింత అని చెప్పడం మానేయండి. మీ నాన్నగారు అలా చెప్పి ఉంటారు, మా మామగారూ అలానే చెప్పేవారు. ఆరడుగులు చేసిన అనుభవంతో తొమ్మిదడుగులకి రేటు చెప్పేటప్పుడు, సగం కలిపితే చాలనుకుంటాం. ఎత్తు ఒకటిన్నర రెట్లయితే విగ్రహం ఒళ్లు, అంటే పైన కనపడే వైశాల్యం, రెండుంపావు రెట్లవుతుంది. ఫైబర్ మ్యాట్, రెసిన్, రంగు, సానపట్టే కూలి ఒళ్లుని బట్టి పడతాయి. బరువు, అంటే రాయి, మట్టి, గట్టి పోత అయితే మూడు రెట్లు దాటుతుంది. సగం కలిపి చెప్పినవాడు చేతి డబ్బు పెట్టుకుంటాడు. మేం ఒక తొమ్మిదడుగుల గాంధీకి పెట్టుకున్నాం.

రాతికి తూకం ముందే లెక్క కట్టండి. ఘనపుటడుగు గ్రానైటు సుమారు 75 నుంచి 85 కిలోలు తూగుతుంది. ఏడడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, రెండడుగుల మందం దిమ్మె అంటే 35 ఘనపుటడుగులు, రెండున్నర టన్నుల పైమాటే. అది దించడానికి ఏ క్రేను కావాలి, మీ షెడ్డు నేల ఆగుతుందా అన్నది ఆర్డరు ఒప్పుకునే ముందే తెలియాలి. లోహపు పోతకైతే ముందు చేసే మైనపు నమూనా బరువు చూసి, దానికి ఎనిమిది నుంచి పది రెట్లు లోహం పడుతుందని లెక్క వేసుకుంటారు. గొట్టాల్లో మిగిలేది, కరిగించేటప్పుడు పోయేది వేరే.

మాకు చీమకుర్తి పక్కనే కాబట్టి గెలాక్సీలో విగ్రహం చెక్కమని కొందరు అడుగుతారు. ఆ రాతిలో మెరిసే బంగారు చుక్కలు పలకకి అందం, ముఖానికి మచ్చ. కాబట్టి మేం దాన్ని పీఠానికి తొడిగే పలకలకే వాడతాం, విగ్రహానికి సన్నరేణువు నల్లరాయి తెస్తాం. ఏ రాయి అయినా క్వారీ బిల్లు, రవాణా పర్మిటు విగ్రహం పుస్తకంలో ఉండాలి. పర్మిటు లేని దిమ్మె దారిలో ఆపితే లారీతో సహా నిలబడిపోతుంది. రాయి కొనేటప్పుడు నీళ్లు పోసి ఆరనివ్వండి, సన్న పగులు ఉంటే అక్కడ తడి గీతలా ఆలస్యంగా ఆరుతుంది. సుత్తితో తట్టి నాదం వినడం మీకు చెప్పక్కర్లేదు. చెక్కుతుండగా లోపల పగులు బయటపడితే ఎవరి నష్టం అన్నది క్వారీ బిల్లు వెనక రాయించుకోండి. పగులున్న మూర్తిని పూజకి పెట్టరు, మీ రెండు నెలల పని పోతుంది.

ఖర్చులో జనం మర్చిపోయేవి ఇవి: గ్రైండరు బ్లేళ్లు, ఉలి పదును, కరెంటు, షెడ్డు అద్దె (సొంత షెడ్డయినా అద్దె వేసుకోండి), క్రేను, మీ సొంత కూలి. చివరిది చాలామంది రాయరు. మీరు రోజంతా మట్టి పని చేసి, మీకు కూలి రాసుకోకుండా మిగిలిందే లాభం అనుకుంటే, అది మీ కూలి. పెద్దమేస్త్రికి ఎంత ఇస్తారో దానికన్నా ఒక వంద ఎక్కువ మీ పేరు మీద హాజరు పుస్తకంలో రాసుకోండి.

హాజరు విషయానికి వస్తే, మేం రోజు చివర రాస్తాం. పొద్దున రాస్తే మధ్యాహ్నం వెళ్లిపోయినవాడి పూట తేలదు. పేరు, పూట, ఏ నంబరు విగ్రహం మీద పని, అంతే. అడ్వాన్సులు వేరే పేజీలో, ఇచ్చిన రోజే సంతకం లేదా వేలిముద్ర. పనివాళ్ల అడ్వాన్సు మీద తగాదా పడి మంచి నగిషీ పనివాడిని పోగొట్టుకున్న షెడ్లు నాకు తెలుసు. అతను నాలుగు వేలంటాడు, ఈయన ఆరంటాడు, ఇద్దరూ నిజమే అనుకుంటారు. నలుగురికీ ప్రధానమంత్రి సురక్ష బీమా చేయించండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే 2 లక్షలు వస్తాయి. రాయి కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కోయడం, మాస్కు పెట్టడం మీరే పాటించి చూపించండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి బయటికి రాదు. మా వారి గురువుగారు దాంతోనే పోయారు.

రోజు ఎలా నడవాలన్నదానికి మా షెడ్డు వరస చెబుతాను. పొద్దున రాగానే మట్టి మీద తడిగుడ్డలు విప్పి చూడటం. ఎండాకాలం రోజుకు మూడుసార్లు తడపాలి, రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఒక గంట మరిచినా చెవి దగ్గర నెర్రె వస్తుంది. గ్రైండరు తొమ్మిది తర్వాతే, పక్కింట్లో పరీక్షలకి చదివే పిల్లలున్నారు. ఫైబర్ పోత ఉన్న రోజున ఒక చిన్న కాగితం: ఎన్ని కిలోల రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డనరు ఎన్ని మిల్లీలీటర్లు, ఎండా ముసురా, ఎన్ని నిమిషాల్లో గట్టిపడింది. మే నెలలో మామూలు పాళ్లు కలిపితే బకెట్లోనే ఉడికిపోతుంది. కార్తీకం ముసురులో అదే పాళ్లు రాత్రికి కూడా జిగటగానే ఉంటాయి. నాలుగేళ్ల కాగితాలు మా దగ్గర ఉన్నాయి కాబట్టి ఇప్పుడు కొత్త కుర్రాడు కూడా చూసి కలపగలడు. ఒక్కటి మాత్రం గోడ మీద ఎర్ర అక్షరాలతో రాయండి: హార్డనరు, యాక్సిలరేటరు (త్వరగా గట్టిపడేందుకు కలిపేది) నేరుగా ఒకదానిలో ఒకటి కలపకూడదు, పేలుతుంది. రెండూ ఒకే అలమరలో కూడా ఉండకూడదు.

సాయంత్రం ఆరింటికి ప్రతి విగ్రహానికీ అదే చోట నిలబడి ఒక ఫొటో. "మా పని ఏమీ కదల్లేదు" అని కమిటీవాళ్లు ఫోన్ చేసినప్పుడు పది రోజుల ఫొటోలు వరసగా పంపిస్తే చాలు, వాదన ఉండదు.

అచ్చులకి ఒక రిజిస్టరు. అచ్చు నంబరు, ఏ విగ్రహానిది, ఎన్నిసార్లు పోశారు, ఎక్కడ పెట్టారు. అచ్చు ఎవరిది అన్నది ఒప్పందంలో రాయాలి. "మేం డబ్బిచ్చాం, అచ్చు కూడా మాదే, పక్క ఊళ్లో మేమే పోయించుకుంటాం" అనేవాళ్లు వస్తారు. ఫొటో, పెయింటింగ్ లాంటివి డబ్బిచ్చి చేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు చేయించుకున్నవాళ్లదని 1957 కాపీరైట్ చట్టంలో ఉంది. ఆ వరుసలో శిల్పం లేదు. అయినా చట్టం దాకా ఎందుకు, "అచ్చు, నమూనా శిల్పివే" అని ఒక్క ముక్క రాసుకుంటే సరిపోతుంది.

ఇక అనుమతులు. రోడ్లు, పేవ్‌మెంట్లు, ప్రజలు వాడుకునే స్థలాల్లో కొత్త విగ్రహాలకు రాష్ట్రాలు అనుమతి ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న చెప్పింది. సెంటర్లో పెడతాం అని ఆర్డరిచ్చే ఊరివాళ్లకి ఈ సంగతి తెలియదు, తెలిసినా చూసుకుందాం లే అంటారు. విగ్రహం తయారవుతుంది, స్థలం దగ్గర గొడవ, పోలీసులు వస్తారు, విగ్రహం మన షెడ్డులోనే ఉండిపోతుంది. పద్నాలుగు నెలలు ఒక నాయకుడు మా షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని నిలబడ్డాడు. చివరి వాయిదా కూడా ఆయనతోపాటే నిలబడింది. మధ్యలో ఎన్నికల కోడ్ వస్తే చెప్పనే అక్కర్లేదు. కాబట్టి ఒప్పందంలో రాయండి: అనుమతి, స్థలం, పీఠం కమిటీ బాధ్యత. "విగ్రహం సిద్ధం" అని మీరు ఫొటోతో తెలియజేసిన రోజే అప్పగింత రోజు. ముప్పై రోజులు దాటితే నెలకి ఇంత అద్దె. అద్దె మేం ఎప్పుడూ వసూలు చేయలేదు, కానీ ఆ వాక్యం ఉండటం వల్ల 25 శాతం వాయిదా మాత్రం వసూలైంది.

రవాణా గురించి: లారీ ఎక్కించేదాకా ఎవరి బాధ్యత, దారిలో ఎవరిది, దించేటప్పుడు ఎవరిది, మూడూ వేరువేరుగా రాయండి. హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ణి గుర్తు చేసుకోండి. ఒకే రాతి విగ్రహం, చెక్కడం అంతా పూర్తయ్యాక 1990 మార్చిలో పడవ మీద తీసుకెళ్తుంటే నీళ్లలో పడిపోయింది, ప్రాణాలు కూడా పోయాయి. పైకి తీసి నిలబెట్టేసరికి 1992 డిసెంబరు వచ్చింది. మనది ఆరడుగులే కావచ్చు, దర్శి రోడ్డు గుంటలో ఒక వేలు విరిగితే చాలు.

పన్నుల సంగతి క్లుప్తంగా. మన రాష్ట్రంలో సరుకు అమ్మకమే అయితే ఏడాది మొత్తం వ్యాపారం 40 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. సేవలైతే ఆ హద్దు 20 లక్షలే. పీఠం కట్టి, విగ్రహం నిలబెట్టి, పలకలు తొడిగి అంతా ఒకే బిల్లు చేస్తే అది సేవ కిందికి పోవచ్చు, అందుకే మేం విగ్రహం బిల్లు, పీఠం బిల్లు వేరుగా ఉంచుతాం. నకళ్లు కాని అసలు శిల్పాల మీద 12 శాతం ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమైంది. ఒకే అచ్చులో పోసిన ఫైబర్ నకళ్లు వేరే వరసలో పడొచ్చు, మీ ఆడిటరుని బిల్లులు చూపించి అడగండి. రిజిస్ట్రేషన్ తీసుకున్నాక 50 వేలు దాటిన సరుకు లారీ ఎక్కితే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసే పత్రం, ఉండాలి.

దీనికన్నా ముఖ్యమైనది నగదు. ఊళ్లో చందాలు నోట్లలో వస్తాయి, కమిటీ సంచిలో డబ్బు పట్టుకొస్తుంది. ఒకే వ్యవహారానికి సంబంధించి 2 లక్షలు లేదా అంతకు పైన నగదు తీసుకోకూడదు. నాలుగు రోజులుగా విడగొట్టి తీసుకున్నా విగ్రహం ఒక్కటే కాబట్టి లెక్క ఒక్కటే. పట్టుబడితే తీసుకున్నంతా జరిమానా, అదీ ఇచ్చినవాడికి కాదు, తీసుకున్న మనకే. కమిటీ పేరు మీద బ్యాంకు ఖాతా తెరవమనండి, లేదా ఇద్దరు పెద్దల ఖాతాల నుంచి వేయమనండి. అలాగే మీరు ఒక మనిషికి ఒక రోజులో 10 వేలు దాటి నగదు ఇస్తే ఆ ఖర్చు పన్ను లెక్కలోకి తీసుకోరు. పంచాయతీ, మున్సిపాలిటీ పనులు చేస్తే బిల్లులో టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను, కోస్తారు. మీ పాన్ మీద అది జమ అయిందో లేదో ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో చూసుకోండి. మాకు ఒక ఆఫీసు కోసింది కానీ రెండేళ్లు కట్టలేదు. నాలుగు ఉత్తరాలు రాస్తే కట్టింది.

మార్చి 31 సాయంత్రం షెడ్డు అంతా తిరిగి ఒక జాబితా రాయండి. అమ్ముడుపోని నందులు, నాగప్రతిమలు, సగం చెక్కినవి, డ్రమ్ముల్లో మిగిలిన రెసిన్, అన్నీ మీకు పడిన ఖర్చు ప్రకారం. ఈ జాబితా లేకపోతే మీ లాభం ఎంతో ఏ ఆడిటరూ చెప్పలేడు. ఆషాఢంలో, మూఢంలో ప్రతిష్ఠలు ఉండవు, డబ్బు రాదు. ఆ నెలల్లో చిన్న ఆంజనేయస్వాములు, బలిపీఠాలు చేసి పెట్టుకోవడం మంచిదే. కానీ వాటికీ నంబరు, పుస్తకం ఉండాలి. మళ్లీ ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతికి, మాఘ, ఫాల్గుణాలకి అందరూ ఒకేసారి మీద పడతారు. పంచాంగం చూసి ఏడాది కాగితం ఒకటి గోడకి అంటించండి, ఏ నెలలో ఎన్ని అప్పగించగలరో అంతకు మించి ఒప్పుకోకండి.

బ్యాంకు విషయం. మూడేళ్ల లెక్కలు ఇప్పుడు కూర్చుని వండకండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) ఉచితం, ముందు అది చేయండి. పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో శిల్పి, రాతి చెక్కడం ఉన్నాయి. శిక్షణ రోజుల్లో 500 రూపాయల చొప్పున భత్యం, పనిముట్లకు 15 వేల వోచరు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది సరిగ్గా కట్టాక 2 లక్షలు. ఆ లక్షని పాత విగ్రహాలకి వాడకండి, మళ్లీ అదే కథ.

కంప్యూటరు కొనాలా అని అడిగారు. ఒక ఏడాది పుస్తకాల్లో రాశాక కొనండి. పుస్తకంలో రాయనివాడు కంప్యూటర్లోనూ రాయడు.

ఈ ఆదివారం చేయాల్సింది ఒకటే. పదకొండు నోటు పుస్తకాలు కొని, పదకొండు విగ్రహాల ముందు ఒక్కొక్కటి పెట్టండి. ఎంత తీసుకున్నారు, ఇప్పటిదాకా ఎంత ఖర్చయింది, ఇంకా ఎంత కావాలి, ఈ మూడు అంకెలు గుర్తున్నంత వరకూ రాయండి. మూడో అంకె కన్నా రావాల్సిన డబ్బు ఎక్కువగా ఉన్న విగ్రహాన్ని ముందు పూర్తిచేసి పంపించేయండి, పెద్దదా చిన్నదా అని చూడకండి. మిగతావాటి అంకెలు రాశాక మళ్లీ అడగండి. ఏ కమిటీకి ముందు ఫోన్ చేయాలో, ఏమని అడగాలో కూర్చుని చూద్దాం.